ట్రైనింగులకు వెళ్లినా సైట్లో ఏమీ మారడం లేదంటే...

బిల్డింగు పనులు చూసే సైట్ ఇంజినీరుగా, ఆఫీసు పంపిన ట్రైనింగులకు వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నా పనిలో తేడా రావడం లేదు, ఇక సొంత డబ్బు పెట్టి కోర్సులు చెయ్యాలా అని అడిగారు. డబ్బు సంగతి తర్వాత. ముందు మీ సైట్లో మిమ్మల్ని తొలిచే ప్రశ్న ఒకటి పట్టుకుని, దానికి జవాబు దొరికే కోర్సుకే వెళ్లండి.

నేను విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ పని చూస్తున్నప్పుడు డ్రాయింగులో కాలమ్ రింగుల (నిలువు రాడ్ల చుట్టూ కట్టే ఇనప చుట్ల) కొసల్లోని కొక్కేలు 135 డిగ్రీలు వంచాలని ఉంది. రాడ్ బెండింగ్ మేస్త్రీ మాత్రం 90కే వంచేవాడు. అడిగితే, "ఇన్నేళ్లుగా ఇలాగే కడుతున్నాం సార్, ఏ బిల్డింగు పడిపోయింది?" అనేవాడు. డ్రాయింగులో ఉందయ్యా అంటే అతను ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. కారణం చెప్పాలి. అందుకే భూకంపాలను తట్టుకునేలా రాడ్లు ఎలా వంచాలో, ఎలా కట్టాలో చెప్పే డిటెయిలింగ్ మీద ఒక చిన్న కోర్సులో చేరాను.

ఐఎస్ 1893 (2016) భూకంప మ్యాపులో విజయవాడ జోన్ 3లో ఉంది, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతం. భూమి కుదిపినప్పుడు కాలమ్ పైపొర కాంక్రీటు రాలిపోతుంది. అప్పుడు 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుని నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి. 135 వంచితే కొస లోపలి కాంక్రీటులో దిగి ఉంటుంది కాబట్టి ఊడిరాదు. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 13920 (2016) ప్రకారం వంపు తర్వాత కొస రింగు రాడ్ మందానికి 6 రెట్లు ఉండాలి, 65 మి.మీ.కి తగ్గకూడదు. 8 ఎం.ఎం. రింగుకి 6 రెట్లంటే 48 మాత్రమే, అంటే 65 వదలాల్సిందే. తిరిగొచ్చాక రెండు రకాల రింగులూ మేస్త్రీ ముందు పెట్టి ఇదంతా చెప్పాను. రింగుకి కోసే రాడ్ పొడవు (కటింగ్ లెంగ్త్) ఎంత పెంచాలో అతనే లెక్కేశాడు. తర్వాత కొత్త కుర్రాళ్లకు అతనే నేర్పేవాడు. ట్రైనింగు పనికొచ్చిందని నాకు నమ్మకం కుదిరింది అక్కడే, సర్టిఫికెట్ చూసి కాదు.

ఖర్చంటారా, పెద్దగా అక్కర్లేదు. ఐఎస్ కోడ్‌లు వాటిని తయారుచేసే భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు ఉండే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. హైదరాబాద్‌లో ఉంటే న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్), గచ్చిబౌలిలోని ఎస్కీ (ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) పెట్టే కోర్సులు చూడండి. చేరేముందు ల్యాబ్ పని ఉందో లేదో తప్పక అడగండి. మిక్స్ డిజైన్‌ను, అంటే కాంక్రీటులో సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ల పాళ్లు తేల్చడాన్ని, స్లైడ్లలో చూసి నేర్చుకోలేం. ఫీజు ఎక్కువైతే, వచ్చాక జూనియర్లకు ఒక పూట చెప్తానని ఆఫీసునే కట్టమనండి. సబబైన కోరికే అది.

మీ సైట్లో ఇప్పుడు ఏ పని నడుస్తోందో కింద రాస్తే, దానికి తగ్గ కోర్సు నాకు తెలిసినంతలో చెప్తాను.