కెమెరా ఉత్తరాలు: గూడబాతుకు ఎంత లెన్సు కావాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: "ఏ లెన్సు కొనమంటారు?" కాకినాడలో ముప్పై ఒక్క సంవత్సరాలు స్టూడియో నడిపాను. కౌంటరు మీద ఫిల్ము రోలు పెట్టి ఇదే మాట అడిగేవారు. అప్పట్లో వాళ్లు ఎలా తీశారో ఊహించి చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ లెన్సుతో తీశారో, ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర, ఎంత షట్టర్‌తో, ఎన్ని గంటలకు తీశారో ప్రతి ఫోటో ఫైలులోనూ కెమెరా తానే రాసి ఉంచుతుంది. కాబట్టి నాకు రాసేటప్పుడు మార్పులు చేయని ఫోటోలు నాలుగు జత చేయండి. కైకలూరు టీచరుగారు అడగకుండానే ఆ పని చేశారు. అందుకే ఆమె ఉత్తరం ముందు తీసుకుంటున్నాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నా దగ్గర కెనాన్ 1500డి, దానితోపాటు వచ్చిన 18–55, 55–250 మిల్లీమీటర్ల లెన్సులు ఉన్నాయి. సెలవు రోజుల్లో కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక వెళ్లి గూడబాతులను తీస్తుంటాను. కూర్చున్నవి బాగానే వస్తున్నాయి. ఎగిరేవి మాత్రం అలికినట్టు వస్తున్నాయి. 150–600 లెన్సు లేకుండా పక్షుల ఫోటోలు రావని తెలిసినవాళ్లు అంటున్నారు. వాయిదాల మీద తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు, కైకలూరు

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే వద్దు. మీరు పంపిన నాలుగు ఫోటోల్లో మూడు ఉదయం పదకొండున్నర దాటాక తీసినవి. మూడింటిలోనూ ఐఎస్ఓ (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం; అంకె తగ్గితే రంధ్రం పెద్దది) ఎఫ్ 11, షట్టర్ (తెర తెరిచి ఉండే సమయం) సెకనులో 1/200 వంతు. మీ బాధకు కారణం ఆ చివరి అంకె. పక్షి కన్ను, ముక్కు కాస్త తేటగా ఉండి రెక్కల కొసలు మాత్రం చెదిరాయంటే షట్టర్ నిదానంగా ఉందని అర్థం. లెన్సులో ఉండే స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుంది కానీ పక్షి రెక్కను ఆపలేదు. లక్ష రూపాయల లెన్సు తగిలించి 1/200 పెట్టినా ఆ రెక్క ఇలాగే చెదురుతుంది.

వచ్చే ఆదివారం ఇలా చేయండి. అపెర్చర్‌ను ఎఫ్ 5.6కు తెరవండి. అదే ఎండలో షట్టర్ 1/800కు చేరుతుంది. ఐఎస్ఓ 400 చేస్తే 1/3200 వస్తుంది. అంత అక్కర్లేదు, 1/1600 చాలు. తెల్లవారి వెలుగు తక్కువగా ఉంటే ఐఎస్ఓ 800కు, 1600కు కూడా వెళ్లండి. కాస్త గరుకుదనం వస్తుంది, దానికి భయపడకండి. గరుకుగా ఉన్నా స్పష్టంగా ఉన్న ఫోటోను గోడకు తగిలించుకోవచ్చు. నున్నగా ఉండి చెదిరిన ఫోటోను ఏమీ చేయలేం. ఫోకస్‌ను ఏఐ సర్వోలో, అంటే కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ చేసే పద్ధతిలో పెట్టి, మీ కెమెరాలోని తొమ్మిది పాయింట్లలో మధ్యదాన్ని మాత్రమే వాడండి. అన్నింటిలోకీ అదే బలమైనది. పక్షి దగ్గరకు వచ్చాక కాకుండా, దూరంగా ఉన్నప్పుడే దాని మీద పాయింటు నిలిపి, దానితోపాటే కెమెరాను తిప్పుతూ రండి.

ఇక 600 సంగతి. కాగితం మీద నాతోపాటు లెక్క వేయండి. మీ కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ వెడల్పు 22.3 మిల్లీమీటర్లు. 250 దగ్గర, ముప్పై మీటర్ల దూరంలో మీ ఫ్రేములో పట్టే వెడల్పు దాదాపు 2.7 మీటర్లు. గూడబాతు రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. అంటే పడవలోంచి ముప్పై మీటర్లలో ఎగిరే గూడబాతుకు మీ లెన్సు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. అదే దూరంలో 600 పెడితే ఫ్రేములో పట్టేది 1.1 మీటర్లే. రెక్కలు రెండు వైపులా తెగిపోతాయి. 600 అక్కరకు రావాలంటే ఆ పక్షి డెబ్బై మీటర్ల దూరంలో ఉండాలి. పదకొండున్నరకు కొల్లేటి నీళ్ల మీద డెబ్బై మీటర్ల గాలి అంటే కాగిన పెనం మీద గాలిలాంటిదే. ఆ అలల్లోంచి తీసిన ఫోటో ఏ లెన్సుతోనూ తేటగా రాదు. లెన్సు పెద్దదైన కొద్దీ ఆ అలలే పెద్దగా కనిపిస్తాయి. మీ మూడు ఫోటోల్లో వెనక ఉన్న చెట్ల అంచులు చూడండి, నిలువు గీతలు వంకరలు పోయి ఉన్నాయి. తొమ్మిదిలోపు తీసిన నాలుగో ఫోటోలో అవే చెట్లు నిటారుగా ఉన్నాయి.

600 ఎవరికి కావాలి? లకుముకి పిట్ట వెంట పడేవాళ్లకు. బుల్లి పిట్ట అది, జానెడుకు కాస్త ఎక్కువ. ఫ్రేములో మూడో వంతు నింపాలంటే 250తో తొమ్మిది మీటర్ల దగ్గరకు వెళ్లాలి, అది అంత దాకా రానివ్వదు. 600తో ఇరవై రెండు మీటర్ల నుంచే తీయవచ్చు. మీకు ఆ పిట్టల మీద మనసు పడితే విజయవాడలో ఆ లెన్సును రెండు రోజులకు అద్దెకు తీసుకోండి. రెండు కిలోల బరువు. పడవలో గంటసేపు చేత్తో ఎత్తి పట్టుకోగలరో లేదో మీ భుజమే చెబుతుంది. అప్పు మాట ఆ తరువాత.

ఒక మనవి. గూళ్లు కట్టే కాలంలో పడవ నడిపే అబ్బాయిని "ఇంకాస్త దగ్గరకు పోనీ" అని అడగవద్దు. తల్లి లేచిపోయిన గూటిలో గుడ్డును కాకి ఎత్తుకుపోవడానికి నిమిషం పట్టదు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించింది ఆ పక్షుల కోసమే, మన ఫోటోల కోసం కాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఓణీల వేడుకలో హాలులో తీసిన ఫోటోలన్నిటిలో అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. మిర్రర్‌లెస్ కెమెరా, కొని ఆరు నెలలే అయింది. సెన్సర్ పాడైందా? ఒక లెన్సు కూడా కొనాలని ఉంది, ఏది కొనమంటారు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సెన్సర్ నిక్షేపంలా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుమంటాయి. మన కంటికి తెలియదు. మీరు చప్పుడు వినిపించకూడదని నిశ్శబ్ద షట్టర్ పెట్టారు, వేగం 1/500. ఆ షట్టర్ సెన్సర్‌ను వరుస తరువాత వరుసగా చదువుతుంది. దీపం వెలిగినప్పుడు చదివిన వరుసలు తెల్లగా, తగ్గినప్పుడు చదివినవి నల్లగా వచ్చాయి. మామూలు మెకానికల్ షట్టర్‌కు మార్చి 1/100 లేదా 1/50 పెట్టండి. వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ తెరలకు ఈ లెక్క అన్నిసార్లూ కుదరదు కాబట్టి, హాలుకు అరగంట ముందే వెళ్లి రెండు మూడు ఫోటోలు తీసి పెద్దవి చేసి చూసుకోండి.

ఒక లెన్సు కొనాలని ఉందన్నారు కదా, మీకు మాత్రం 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనమనే చెబుతాను. కెమెరాతోపాటు వచ్చిన మీ కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. దానికంటే ఇది దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. అయితే రెండు మీటర్ల దూరంలో పూర్తిగా తెరిచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సగం జానెడే. అమ్మాయి కంటి మీద ఫోకస్ పెడితే పక్కన అర అడుగు వెనక నిలబడ్డ అమ్మమ్మ మసకబారుతుంది. ఇద్దరు, ముగ్గురు ఉంటే ఎఫ్ 4కు మూయండి.

ప్రశ్న: నాన్నగారు పోయాక బీరువాలో ఆయన నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి లెన్సు దొరికింది. తోలు సంచిలో ఉంది. నా దగ్గర నికాన్ జెడ్50 ఉంది. దీనికి పనికొస్తుందా? లోపల సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పనికొస్తుంది బాబూ. పాత నికాన్ లెన్సును జెడ్ కెమెరాకు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కావాలి. లెన్సు మీద రింగును నారింజ రంగు 22 దగ్గర పెట్టి తాళం వేస్తే అపెర్చర్ కెమెరా చేతికి వస్తుంది. ఆటోఫోకస్ మాత్రం రాదు. ఆ లెన్సులో మోటారు లేదు, పాత కెమెరాలు తమ మోటారుతో దాన్ని తిప్పేవి, అడాప్టర్‌లోనూ మోటారు లేదు. చేత్తో తిప్పాలి. పీకింగ్ అనే సదుపాయాన్ని పెట్టుకుంటే ఫోకస్ కుదిరిన అంచుల మీద రంగు గీత కనిపిస్తుంది, వారం రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. మీ కెమెరా మీద అది 75 ఎంఎం చూపునిస్తుంది, మనుషుల ముఖాలు తీయడానికి చక్కని దూరం.

ఆ గీతలు ఫంగస్. ఫోను టార్చి వెనక నుంచి వేసి చూడండి. అంచున రెండు పోగులుంటే ఫోటోలో తేడా కనిపించదు. మధ్యలో అల్లుకుంటే ఎదురు వెలుగులో తీసినప్పుడు తెల్లని మసక వస్తుంది. వీడియోలు చూసి మీరే విప్పవద్దు. మరమ్మతు తెలిసినవాళ్లకు చూపించి, ధర అడిగి, ఆ తరువాతే తేల్చుకోండి. ఎక్కువ కాలం పాతుకుంటే అద్దం మీది పూతను తినేస్తుంది, అప్పుడు తుడిచినా మచ్చ మిగులుతుంది.

తోలు సంచిని ఈ రోజే తీసేయండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కు ఆహారం కూడా అదే. నేను ఒక వానాకాలమంతా నా 135 ఎంఎం లెన్సును తోలు సంచిలో పెట్టి అటక మీద వదిలేశాను. దసరాకు తీసి చూస్తే ముందు అద్దం నిండా వేళ్లు. నా మొదటి సంపాదనతో కొన్న లెన్సు అది. ఆ బాధ మీకు వద్దు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు, ఇంత చాలు. మీటరు 40కి, 50కి మధ్య ఉండాలి. బియ్యంలో పెట్టమని చెబుతారు, వినవద్దు. ఆ పిండి రింగుల్లోకి వెళుతుంది. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే వేడి చేసి మళ్లీ వాడవచ్చు. అయితే వాటిలో ఉండే కోబాల్టు లవణం విషం, వంట పాత్రల్లో వేడి చేయకండి. నారింజ రంగు గుళికలు దొరికితే అవే తెచ్చుకోండి.

ప్రశ్న: నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది. 45 మెగాపిక్సెళ్లదానికి మారితే ఫోటో రెట్టింపు స్పష్టంగా వస్తుందా? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: రాదు. 45 మొత్తం చుక్కల లెక్క. అవి పొడవులోనూ వెడల్పులోనూ పంచుకుంటాయి కాబట్టి ఒక్కో వైపు పెరిగేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఒక్కో వైపు రెట్టింపు కావాలంటే 96 మెగాపిక్సెళ్లు ఉండాలి. మీ 24 అంటే 6000×4000 చుక్కలు. ల్యాబులో 12×18 అంగుళాల ప్రింటు వేయించినా అంగుళానికి 333 చుక్కలు పడతాయి. ల్యాబు వాళ్లు అడిగేది 300. మీ కెమెరాతో తీసినవాటిలో మీకు బాగా నచ్చిన ఒక్క ఫోటోను ఆ సైజులో వేయించండి. చేతి దూరంలో పట్టుకుని చూసి, ఎక్కడ తేటగా లేదనిపించిందో ఆ చోటు చుట్టూ పెన్సిలుతో గీసి నాకు పంపండి. అది మెగాపిక్సెళ్ల లోపమో, ఫోకస్ లోపమో వచ్చే నెల చెబుతాను.