ఐదుసార్లు చూశాకే రాయి

అమ్మలూ,

కళ్ళు తెరిచి కూడా పలకని పేషెంట్ల మీద జరిగే ట్రయల్‌లో రీసెర్చ్ ఫెలోగా చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. నా సర్వీసంతా న్యూరో రీహాబ్ వార్డులోనే గడిచింది కదా, మొదటి నెలలోనే నీకు అక్కరకొచ్చే సంగతులు కొన్ని రాద్దామని కూర్చున్నాను. పేపర్లు నువ్వెలాగూ చదువుతావు. మంచం పక్కన నిలబడ్డప్పుడు ఏం చెయ్యాలో మాత్రం రాస్తాను.

ఒక్కసారి చూసి ఎవరి గురించీ ‘స్పృహ లేదు’ అని రాయకు. నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. బెల్జియంలోని లీజ్ పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 44 మంది పేషెంట్లది వెజిటేటివ్ స్టేట్, అంటే కళ్ళు తెరుస్తారు గానీ స్పృహ ఉండని స్థితి, అని వాళ్ళను చూస్తున్న వైద్య బృందం అంతా కలిసి తేల్చింది. అదే పేషెంట్లకు సీఆర్ఎస్-ఆర్ స్కేలుతో (చూపు, వినికిడి, కదలిక లాంటివి వరుసగా చూసి మార్కులు వేసే పరీక్ష అది) పద్ధతిగా పరీక్ష చేస్తే 18 మందిలో స్పృహ ఆనవాళ్ళు దొరికాయి. అంటే నూటికి 41 మంది. ఆ డాక్టర్లకు చదువు తక్కువై ఇలా జరగలేదు. ఈ పేషెంట్లలో స్పృహ వేసవిలో ఊళ్ళో కరెంటులా వస్తూ పోతూ ఉంటుంది, మనం వెళ్ళిన పావుగంటలో ఉండకపోవచ్చు. అందుకే రెండు వారాల లోపు కనీసం 5 సార్లు పరీక్ష చెయ్యాలని లీజ్ వాళ్ళే 2017లో చెప్పారు. మీ ట్రయల్ ప్రోటోకాల్‌లో, పేషెంటును చేర్చుకునే ముందు చేసే స్క్రీనింగ్‌కి ఒక్కసారి చాలని ఉంటే మీ గైడ్‌ని మర్యాదగా అడుగు. మొదటి రోజు మనం పట్టుకోలేని స్పృహ నాలుగో వారంలో కనపడితే, అది మందు చేసిన మేలుగా మీ లెక్కల్లోకి ఎక్కుతుంది.

స్కేలు తీసేముందు కేస్ షీట్ చూడు. రాత్రి ఫిట్స్ వచ్చాయని మిడజోలమ్ ఇచ్చారా? బిగుసుకున్న కాళ్ళూ చేతుల కోసం బాక్లోఫెన్ డోసు పెంచారా? జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, పుండు పడిన వీపు, నాలుగు రోజులుగా విరేచనం కాని కడుపు, వీటిలో ఏ ఒక్కటైనా మనిషిని మగతలో పడేస్తుంది. కొన్నాళ్ళు బాగానే ఉండి తర్వాత వెనక్కి పోతున్నాడంటే తలలో నీరు చేరిందేమో సీటీ తీయించమని చెప్పు. ఇంకా చిన్న విషయాలు: పెద్దాయనకు అంతకు ముందు చెవుడు ఉందా, కళ్ళజోడు ఎవరి సంచిలో ఉంది, చెవిలో గుబిలి ఉందా. ఎడమవైపు మెదడు దెబ్బతిన్నవాళ్ళకు మాట అర్థం కాక చెయ్యకపోవచ్చు. స్పృహ లేకపోవడం వేరు, అది వేరు.

స్నానం పట్టించి, బట్టలు మార్చి, ఒక గంట విశ్రాంతి ఇచ్చాక వెళ్ళు. ట్యూబులో ఫీడ్ ఇచ్చిన వెంటనేగానీ, ఫిజియో అయిన వెంటనేగానీ వద్దు. వీలైతే వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టించు, లేకపోతే మంచం తలవైపు బాగా ఎత్తించు. టీవీ, అటెండర్ల ఫోన్లు ఆపించు. ఒక నిమిషం ఏమీ చెయ్యకుండా ఊరికే చూడు: తనంతట తాను ఏ వేలు కదుపుతున్నాడు, ఎటు చూస్తున్నాడు, రెప్ప ఎన్నిసార్లు వేస్తున్నాడు. ఆ తర్వాత నువ్వు చెప్పే పని ఆ కదలికల్లో ఒకటి కాకుండా చూసుకో. మగతగా ఉంటే ముఖం నుంచి కాలివేళ్ళ దాకా కండరాల్ని గట్టిగా నొక్కుతూ మెలకువ తెప్పించే పద్ధతి స్కేలులోనే ఉంది. కళ్ళు మూతపడ్డ ప్రతిసారీ అది మళ్ళీ చెయ్యాలి. మధ్యాహ్నం ఓపీ ఉందని చాలామంది దాన్ని వదిలేస్తారు, నువ్వు వదలకు.

చూపు పరీక్షకు అద్దమే వాడు. పెన్ను టార్చి తిప్పితే అనుసరించని కళ్ళు, తన ముఖం తనకు కనపడితే వెంట వస్తాయి. టార్చితోనో, మనిషిని నడిపించో చూసి ‘చూపు నిలవడం లేదు’ అని రాసినవాళ్ళలో కొందరు అద్దం వెంట చక్కగా చూస్తారని లీజ్ వాళ్ళు 2008లోనే చూపించారు. అరచేతి కంటే కాస్త పెద్ద అద్దం, ముఖానికి జానెడు లోపు దూరం. నెమ్మదిగా కుడికి, ఎడమకు, పైకి, కిందికి. రెప్ప వాలిపోతుంటే వేలితో పైకి ఎత్తిపట్టు. కనుగుడ్డు ముందు అద్దంలో తన మీద ఆగుతుంది, అద్దం జరిగాక అరక్షణం ఆలస్యంగా జరుగుతుంది. ఆ అరక్షణంలో నువ్వు తొందరపడి అద్దం లాగేస్తే ఉన్నది కూడా లేకుండా పోతుంది. ఇది చేతికి అలవాటు కావాలి. ముందు మీ అమ్మ ముఖం ముందు పెట్టి సాధన చెయ్యి.

ఆదేశాలు ఇచ్చేటప్పుడు ఆ మనిషి ఇంట్లో మాట్లాడే మాటలోనే చెప్పించు. లంబాడీ తల్లి కొడుక్కి నీ తెలుగు కంటే ఆవిడ గోర్‌బోలి ముందు చేరుతుంది. పాతబస్తీ పెద్దమ్మకు ఉర్దూలో చెప్పు. ముందు పేరు పెట్టి పిలిపించు. ఒక ఆదేశం ఇచ్చాక 10 సెకన్లు ఆగాలి, వాచీ చూసుకుని ఆగు. మనసులో లెక్కపెడితే నాలుగు సెకన్లకే పది అయిపోతాయి. నాలుగుసార్లలో మూడుసార్లు చేస్తేనే ఆదేశం పాటించినట్టు లెక్క.

‘నా చెయ్యి పట్టుకో’ అనే ఆదేశం మాత్రం వద్దు. అరచేతిలో వేలు పెడితే పిడికిలి దానంతటదే మూసుకునే రిఫ్లెక్స్ ఈ పేషెంట్లలో తరచుగా ఉంటుంది. తల్లి ‘చూడండి డాక్టరమ్మా, పట్టుకున్నాడు’ అని ఏడుస్తుంది, మనకీ నమ్మాలనిపిస్తుంది. ‘చెయ్యి వదులు’ అను, లేదా ‘బొటనవేలు ఎత్తు’ అను.

అలాగని తల్లి మాట కొట్టిపారెయ్యకు. ఇరవైనాలుగు గంటలూ చూస్తున్నది ఆవిడే, అందరికంటే ముందు ఆవిడకే కనపడుతుంది. నేను జూనియర్లకు చెప్పే పద్ధతి ఇది: ఆవిడ చెప్పినదాన్నే పరీక్షగా మార్చు. ‘పిలిస్తే కళ్ళు మూస్తాడు’ అందనుకో. కాగితం మీద ముప్పై గళ్ళు గియ్యి. పదిట్లో ‘కళ్ళు మూయి’, పదిట్లో ‘చెయ్యి ఎత్తు’, పదిట్లో ఏ మాటా లేకుండా మౌనం. వాటి వరుస చీటీలు వేసి కలిపెయ్యి. ఆవిడ చదువుతూ ఉంటే, ఏ గడి నడుస్తోందో తెలియకుండా చెవులు మూసుకున్న ఇంకొకరు కళ్ళు మూశాడా లేదా అన్నది రాయాలి. మాట చెప్పినప్పుడే ఎక్కువసార్లు మూస్తే ఆవిడ చెప్పింది నిజం. అన్ని గళ్ళలోనూ ఒకేలా ఉంటే, ఆ కాగితం ఆవిడకే చూపించి మెల్లగా చెప్పొచ్చు. తన కళ్ళ ముందు జరిగింది కాబట్టి నీ మాట వింటుంది.

మీ దగ్గర ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల్ని నమోదు చేసేది), ఫంక్షనల్ ఎంఆర్ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే స్కాన్) కూడా చేస్తారట. 2006లో మెదడు పరిశోధకుడు ఏడ్రియన్ ఓవెన్ బృందం కేంబ్రిడ్జిలో 23 ఏళ్ళ అమ్మాయిని స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, ఏ ఆదేశానికీ కదలని ఆ మనిషి మెదడు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. 2024లో ఆరు కేంద్రాల వాళ్ళు కలిసి ప్రచురించిన దాంట్లో, మంచం దగ్గర ఆదేశాలకు ఏ జవాబూ ఇవ్వని 241 మందిలో 60 మంది మెదడు ఇలా లోపల్లోపల జవాబు చెప్పింది. ఈ అంకె అందరూ చెప్తారు. నువ్వు రెండో అంకె కూడా గుర్తుపెట్టుకో: మంచం దగ్గర ఆదేశాలు చక్కగా పాటించిన 112 మందిలో, స్కాన్‌లోనో ఈఈజీలోనో ఆ జవాబు దొరికింది 43 మందికే. అంటే యంత్రంలో జవాబు రాకపోతే మనిషి లేడని అనడానికి వీల్లేదు. స్కాన్‌లో ఏమీ లేదన్న కాగితం పట్టుకుని ఇంటివాళ్ళ దగ్గరికి ఎప్పుడూ వెళ్ళకు.

మందుల సంగతి క్లుప్తంగా రాస్తాను, ఎందుకంటే ఉన్నదే కొంచెం. అమాంటడిన్ ఒక్కదానికే గట్టి ఆధారం ఉంది. 2012లో జియాసినో, వైట్ అనే పరిశోధకుల ట్రయల్‌లో 184 మంది, అందరూ తలకు దెబ్బ తగిలినవాళ్ళే, దెబ్బ తగిలి 4 నుంచి 16 వారాలైనవాళ్ళే. మందు ఇచ్చిన నాలుగు వారాల్లో కోలుకునే వేగం పెరిగింది, ఆపాక తగ్గింది. ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి డోసు, తీసుకున్నవాళ్ళు కూడా కోలుకుంటూనే వచ్చారు, అది మర్చిపోకు. గుండె ఆగి మెదడుకు ఆక్సిజన్ అందనివాళ్ళకు ఆ ఫలితాన్ని అంటగట్టలేం. జోల్పిడెమ్ అనే నిద్రమందుతో లేచి మాట్లాడినవాళ్ళు ఉన్నారు, చాలా అరుదు. మూలకణాల ఇంజెక్షన్ పేరుతో లక్షలు అడిగే చోట్ల గురించి నిన్ను అడుగుతారు. పొలం అమ్మొద్దని స్పష్టంగా చెప్పు. అలా అమ్మేసి, తర్వాత ఇంట్లో ఆయాను పెట్టుకోలేని, నీటి పరుపు కొనలేని కుటుంబాల్ని చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

‘ఎప్పటికి లేస్తాడు?’ అని అడిగితే తారీఖు చెప్పకు, ‘ఇక లేవడు’ అని కూడా అనకు. తలదెబ్బకు ఏడాది, మిగతా కారణాలకు మూడు నెలలు దాటితే ‘పర్మనెంట్’ అని 1994 నుంచి రాసేవాళ్ళం. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2018లో దాన్ని తీసేసి ‘క్రానిక్’ అని రాయమంది, ఆలస్యంగా కోలుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టే. అలా కోలుకున్నవాళ్ళలో చాలామందికి రోజువారీ పనులకు పక్కన మనిషి ఉండాలన్నది కూడా అప్పుడే కూర్చోబెట్టి చెప్పెయ్యి.

ఒప్పుకోలు పత్రం మీద సంతకం కుటుంబంలో చట్టప్రకారం హక్కున్నవాళ్ళతో చేయించు. పేషెంటు తేరుకుని మాట అర్థం చేసుకునే స్థితికి వస్తే తనను మళ్ళీ అడగాలి, ఆ కాగితం విడిగా ఫైల్లో పెట్టుకో. ఇంకొకటి. పేషెంటు మీదుగా నిలబడి అతని గురించి మాట్లాడకు. నొప్పి పరీక్షకు గోరు నొక్కేముందు ‘నాన్నా, కాస్త నొప్పి పెడతాను’ అని చెప్పి నొక్కు.

మొదటి నెల స్కోర్ షీట్లు పేర్లూ నంబర్లూ తీసేసి, మీ గైడ్ అనుమతితో సంక్రాంతికి పట్టుకురా. ప్రతి షీట్ మీద ఎన్ని గంటలకు చేశావో, అంతకు ముందు ఏ మందు పడిందో రాసి ఉండాలి. భోజనాలయ్యాక కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్త