టెక్ సందేహాలు: పెళ్ళి ఫొటోలోని కారు ఏది?

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్ళి ఫొటోలో పూలదండల మధ్య ఒక తెల్ల కారు సగం కనిపిస్తోంది. గూగుల్ లెన్స్‌లో వెతికితే ఒకసారి అంబాసిడర్ అంటుంది, ఇంకోసారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అంటుంది. మసకగా ఉందని ఒక యాప్‌తో ఫొటోకు పదును పెట్టించాను. ఇప్పుడు ఏదో అమెరికన్ కారు పేరు చెబుతోంది. ఏది నమ్మాలి? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

ముందు ఆ పదును పెట్టిన ఫొటోను పక్కన పెట్టండి. అలాంటి యాప్‌లు మసకలో దాగినదాన్ని బయటికి తీయవు. అక్కడ ఏముండవచ్చో ఊహించి కొత్తగా గీస్తాయి. అమ్మగారి ముఖం ఇంకాస్త కళగా వస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు కానీ, ముందుండే జాలీలో, అంటే గ్రిల్‌లో, నాలుగు కడ్డీలు చేరితే కారు దేశమే మారిపోతుంది.

అసలు ఫొటోను ఫ్రేము నుంచి తీసి, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించండి. లెన్స్‌కు మొత్తం ఫొటో ఇస్తే పెళ్ళికొడుకు తలపాగా కూడా లెక్కలోకి వస్తుంది. గ్రిల్, బానెట్, వెనక దీపం, ఇలా ఒక్కొక్క ముక్కే కత్తిరించి ఇవ్వండి.

లెన్స్ రెండు పేర్లు చెప్పడం తప్పేమీ కాదు. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌నే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌గా తయారుచేసింది. అంతకు ముందటి రెండో సిరీస్ మన దగ్గర ల్యాండ్‌మాస్టర్ అయింది. మీ ఫొటోలో బానెట్ మీద నిలువు గాడులు, వెనక మడ్‌గార్డుల చివర చిన్న రెక్కల్లాంటి పొడుపు కనిపిస్తే అంబాసిడర్. బానెట్ నున్నగా, వెనక భాగం గుండ్రంగా ఉంటే ల్యాండ్‌మాస్టర్ కావచ్చు.

ఏ కాలం అంబాసిడర్ అన్నది గ్రిల్ చెబుతుంది. 1960లలో వచ్చిన మార్క్ 2కు, అంటే అంబాసిడర్ రెండో రూపానికి, దగ్గరదగ్గర గళ్ళు. 1975 నాటి మార్క్ 3కి అడ్డ కడ్డీలు, గ్రిల్ కింద విడిగా గుండ్రటి చిన్న దీపాలు. 1979 నాటి మార్క్ 4లో ఆ దీపాలు చదరంగా మారాయి, గళ్ళ గ్రిల్ చిన్నదై తిరిగొచ్చింది. కానీ గ్రిల్ ఊడదీసి ఇంకొకటి బిగించడం ఏ మెకానిక్‌కైనా తేలికే కాబట్టి, గ్రిల్ ఒకటి చెప్పి బానెట్ మరొకటి చెబితే నేను బానెట్ మాటే వింటాను.

ప్రశ్న: నాన్నగారి పాత నెగటివ్‌లు స్కాన్ చేయించాను. ఒకదానిలో ఫియట్ కారు ఉంది, స్టీరింగ్ ఎడమవైపు ఉంది. ఇటలీ నుంచి నేరుగా తెప్పించిన కారేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

ఆశ వదులుకోమని ఇప్పుడే అనను కానీ, ముందు ఆ ఫొటోలో చీర కట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండి. పమిట కుడి భుజం మీద ఉంటే నెగటివ్‌ను తిరగేసి స్కాన్ చేశారన్నమాట. మగవాళ్ళ చొక్కా జేబు కుడివైపుకు వెళ్ళినా, నంబరు ప్లేటు అద్దంలోలా కనిపించినా అదే సంగతి. ఫోను గ్యాలరీలో ఎడిట్ నొక్కి, అడ్డంగా తిప్పే గుర్తు తాకితే స్టీరింగ్ కుడివైపుకు వస్తుంది.

ఆ తర్వాత ముందు తలుపు పిడి చూడండి. 1950ల నాటి ఫియట్ 1100లో ముందు తలుపులు మధ్య స్తంభానికి బిగించి ఉండేవి. కాబట్టి పిడి తలుపు ముందు అంచున, హెడ్‌లైట్ వైపు ఉంటుంది. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ ఫియట్ నమూనాతోనే తయారుచేసిన పద్మినిలో తలుపులు ఇప్పటి కార్లలాగే తెరుచుకుంటాయి, పిడి వెనక అంచున ఉంటుంది. ఇటలీలో తయారైందా, బొంబాయిలోనా అన్నది మాత్రం పిడి చెప్పదు. ఇంట్లో పాత రిజిస్ట్రేషన్ పుస్తకం దొరికితే అందులో ఛాసిస్ నంబరు ఉన్న పేజీని ఫొటో తీసి పంపండి. పేరు, చిరునామా ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తీయండి.