పేపర్ మడిచే ఫోల్డింగ్ మెషిన్‌లో మడత లేకుండా స్కోరింగ్ (మడత కోసం గీత నొక్కడం), స్లిట్టింగ్ (షీట్‌ను పొడవునా కోయడం) మాత్రమే చేయొచ్చా?

చేయొచ్చు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఫోల్డ్ ప్లేట్లన్నీ మూసేస్తే షీట్ మడత పడకుండా నేరుగా స్లిట్టర్ షాఫ్టుల (స్కోరింగ్ చక్రాలు, బ్లేడ్లు బిగించే ఇరుసుల) దగ్గరికి వెళ్తుంది.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది స్కోరింగ్ మీద. పై చక్రం, కింది రింగ్ గాడికి సరిగ్గా మధ్యలో ఉండాలి. కాస్త పక్కకు జరిగినా గీత బదులు కోత పడుతుంది. గ్రెయిన్ (పేపర్ నారల దిశ) గీతకు సమాంతరంగా ఉంటే పగుళ్లు బాగా తగ్గుతాయి. తర్వాత మడిచేటప్పుడు గీత ఉబ్బు లోపలి వైపుకే రావాలి. దీన్ని తిరగేసి మడిచి, ఇంకు పగిలిందని పాపం పేపర్‌ను తిడుతుంటారు!

స్లిట్టింగ్ బ్లేడ్లు పక్కపక్కన ఆనీ ఆననట్టు ఉంటే చాలు, గట్టిగా బిగిస్తే పదును తొందరగా పోతుంది. కోసిన ముక్క షాఫ్టుకు చుట్టుకోకుండా స్ట్రిప్పర్ తప్పక పెట్టండి. వేస్ట్ షీట్లతో నెమ్మదిగా నడిపి చూశాకే స్పీడ్ పెంచండి.