సువార్త కరపత్రాలు పంచడం నేరమా? స్టేషన్‌లో రాసిచ్చిన హామీకి కట్టుబడాలా?

ప్రశ్న: మేము ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల కేంద్రంలో ఉంటాం. నేనూ మా అక్కా, మా సంఘంలోని మరో ఇద్దరు స్త్రీలతో కలిసి బస్టాండు వెలుపల సువార్త కరపత్రాలు పంచుతుంటాం. ఇటీవల కొందరు యువకులు మమ్మల్ని అడ్డగించి, కరపత్రాలు లాక్కుని, మతమార్పిడి చేస్తున్నామంటూ పోలీసులను పిలిచారు. స్టేషన్‌లో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ‘ఇకపై ఎక్కడా మత ప్రచారం చేయము’ అని తెల్లకాగితంపై రాయించి సంతకాలు తీసుకున్నారు. మాపై కేసు ఉందో లేదో తెలియదు. మత ప్రచారం నేరమా? ఆ కాగితానికి మేము కట్టుబడాలా?

జవాబు: అమ్మా, మిమ్మల్ని ఇంతగా భయపెట్టింది ఆ కాగితమే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. స్టేషన్‌లో రాయించుకున్న అలాంటి హామీకి మీ ప్రాథమిక హక్కును తీసివేసే శక్తి లేదు. 1958లో బశేశర్‌నాథ్ కేసులో సమానత్వ హక్కును పౌరుడు తానుగా వదులుకున్నా అది చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అదే కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు మరో అడుగు ముందుకు వేసి, ఏ ప్రాథమిక హక్కునూ వదులుకోవడం కుదరదని రాశారు. తర్వాత 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల కేసులో, కాలిబాటపై గుడిసె వేసుకునే ప్రాథమిక హక్కు తమకు లేదని వారు హైకోర్టులో ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలు సుప్రీంకోర్టులో వారి వాదనకు అడ్డు రాదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. హైకోర్టులో ఇచ్చిన మాటకే ఆ గతి పడితే, న్యాయవాది లేకుండా, బయటికి పంపుతారో లేదో తెలియని స్థితిలో మీరు చేసిన సంతకం మిమ్మల్ని కట్టిపడేయగలదని నేను అనుకోను.

అయితే అది నిజంగా తెల్లకాగితమేనా, లేక బైండోవర్ బాండా (శాంతికి భంగం కలిగించనని పూచీ రాసిచ్చే పత్రమా) అన్నది ముందుగా తేల్చుకోవాలి. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద శాంతిభద్రతల కోసం బాండు అడిగే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ది. మండలాల్లో సాధారణంగా తహసీల్దారు ఆ హోదాలో ఉంటారు. ఆయన తనకు అందిన సమాచారం ఏమిటో, ఎంత మొత్తానికి, ఎంత కాలానికి బాండు కావాలో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, మీ వాదన విని విచారణ జరపాలి. ఆ బాండు గడువు ఏడాదికి మించకూడదు. మిమ్మల్ని తహసీల్దారు కార్యాలయానికి తీసుకెళ్లకుండా, ఏ నోటీసూ ఇవ్వకుండా సంతకాలు తీసుకుని ఉంటే అది బైండోవర్ కాదు. ఒకవేళ బైండోవరే అయితే దాన్ని పక్కన పడేయకండి, ఉల్లంఘిస్తే బాండు సొమ్ము కట్టాల్సి వస్తుంది. ఉత్తర్వు ప్రతి తీసుకుని పైకోర్టులో సవాలు చేయాలి. కేసు నమోదైందో లేదో తెలుసుకోవడానికి రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ వెతకండి. సున్నితమైనవని భావించిన ఎఫ్‌ఐఆర్‌లు అందులో పెట్టకపోవచ్చు కాబట్టి, నకలు కోసం స్టేషన్‌కు లిఖితపూర్వకంగా దరఖాస్తు కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక అసలు హక్కు. రాజ్యాంగంలోని 25వ అధికరణం తన మతాన్ని అవలంబించి ఆచరించే హక్కుతో పాటు దాన్ని ప్రచారం చేసే హక్కును కూడా స్పష్టంగా ఇస్తోంది. ప్రచార హక్కు ఉండాలా వద్దా అన్నది 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో గట్టిగా చర్చకు వచ్చింది. లోక్‌నాథ్ మిశ్రా వంటి సభ్యులు వద్దన్నారు, కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉండాలన్నారు, చివరికి ఉంచారు. కాబట్టి ఇది ప్రభుత్వం దయతలచి ఇచ్చే అనుమతి కాదు. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు, ఇవే దానికి హద్దులు.

మీ మీద ఆరోపణ చేసేవారు ఉదాహరించే తీర్పు 1977 నాటి రెవరెండ్ స్టానిస్లాస్ కేసు. మధ్యప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల మతమార్పిడి నిరోధక చట్టాలను సమర్థిస్తూ, మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేయడం హక్కే గానీ మరొకరిని మతం మార్చడం హక్కు కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. ఒకరు చెప్పింది విని మరొకరు మనసు మార్చుకోవడం ప్రచారంలో సహజమే కదా అన్న కోణంలో ఈ తీర్పును న్యాయకోవిదుడు హెచ్.ఎం. సీర్వై తీవ్రంగా విమర్శించారు, ఆ విమర్శే సబబని నేనూ నమ్ముతాను. అయినా ఆ తీర్పు నేటికీ నిలిచి ఉంది కాబట్టి దాని ప్రకారమే నడుచుకోవాలి. ఆ తీర్పు ప్రకారం చూసినా కరపత్రం చేతికివ్వడం సిద్ధాంతాన్ని వివరించడమే. 2025లో కర్ణాటక హైకోర్టు, ఒక గుడి దగ్గర ఇస్లాం కరపత్రాలు పంచిన ముగ్గురిపై ఆ రాష్ట్ర 2022 చట్టం కింద పెట్టిన కేసును కొట్టివేసింది. ఎవరినీ మతం మార్చే ప్రయత్నం జరగలేదని, ఫిర్యాదు చేసిన వ్యక్తికి ఆ చట్టం కింద ఫిర్యాదు చేసే అర్హతే లేదని చెప్పింది.

నాకు తెలిసి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి మతమార్పిడి నిరోధక చట్టమేదీ అమలులో లేదు. సరిహద్దు దాటితే సంగతి వేరు: ఒడిశాలో 1967 నుంచి ఉంది, ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ 1968 చట్టం సంక్రమించింది, కర్ణాటక చట్టాన్ని రద్దు చేయాలని 2023లో అక్కడి మంత్రివర్గం నిర్ణయించింది. ఆ రాష్ట్రాలకు సేవకు వెళ్లేవారు ఆ రోజుకు ఏ చట్టం ఉందో కనుక్కుని వెళ్లాలి. మన రాష్ట్రంలో మాత్రం 2007లో వచ్చిన ఒక చట్టం ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల పరిధిలో ఆ స్థలానికి చెందని మతాన్ని ప్రచారం చేయడం దాని కింద నేరం. తిరుమల కొండలు అలా నోటిఫై అయ్యాయి. మీ బస్టాండు అలాంటి పరిధిలో లేకపోతే మీకు ఆ చట్టంతో పని లేదు. ఉంటే మాత్రం అక్కడ పంచకండి, ఆ విషయంలో నేను వేరే సలహా ఇవ్వలేను.

మీరు నిజంగా జాగ్రత్తపడవలసింది కరపత్రంలోని రాతల దగ్గర. దాన్ని ఒకసారి ముందు వేసుకుని అక్షరం అక్షరం చదవండి. మీ విశ్వాసాన్ని చెప్పే వాక్యాలతో ఇబ్బంది లేదు. ఇతరుల దేవతలను, పూజలను దూషించే వాక్యం ఒక్కటున్నా, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించారంటూ నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద కేసు పెట్టడానికి దారి దొరుకుతుంది. దానికి మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ‘ప్రార్థనకు రండి, క్యాన్సర్, షుగర్ నయమవుతాయి’ వంటి ప్రకటన మరో చిక్కు: మహిమ గల వైద్యం పేరిట ఫలానా జబ్బులు తగ్గుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధిస్తోంది. డబ్బు, ఉద్యోగం, బడి ఫీజు ఆశ చూపే మాటలు రాతలోనే కాదు, నోటి వెంట కూడా రాకూడదు. మైకు వాడితే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాడకూడదు. ఈ నిబంధన అన్ని మతాలకూ ఒక్కటే.

మిమ్మల్ని అడ్డగించి కరపత్రాలు లాక్కున్నవారిది మాత్రం నేరమే. దారికి అడ్డం పడటం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కిందికి వస్తుంది, లాక్కోవడం విడి నేరం. తేదీ, సమయం, చోటు, చూసినవారి వివరాలతో ఫిర్యాదు రాసి ఇవ్వండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లవచ్చు. బస్టాండు దగ్గర సీసీ కెమెరాలుంటే ఆ దృశ్యాలను భద్రపరచాలని కూడా ఆ ఫిర్యాదులోనే అడగండి, ఎందుకంటే అవి కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంటాయి.

మళ్లీ పిలుపు వస్తే ఏ సెక్షన్ కిందో రాతపూర్వక నోటీసు అడగండి. సాక్షిగా విచారించాలంటే స్త్రీని ఆమె నివాసంలోనే విచారించాలని చట్టం చెబుతోంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కాబట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ 15100 నంబరుకు గానీ ఫోన్ చేసి న్యాయవాదిని కోరండి. పోలీసులు మళ్లీ ఆ హామీ కాగితం చూపి ఆపితే, హైకోర్టులో రిట్ (హక్కును కాపాడమని కోరే పిటిషన్) వేయడానికి అదే మీ ప్రధాన ఆధారమవుతుంది కనుక దాని నకలు ఇవ్వాలని ఇప్పుడే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.