కొత్త బండికి సామాన్లు కొనే ముందు

చిరంజీవి చిన్నోడికి, మావయ్య ఆశీస్సులు.

నీ కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఫోటో చూశాను, బండి బాగుంది. దాని వెనకే నువ్వు పంపిన యాక్సెసరీల లిస్టు చూసి మాత్రం నవ్వొచ్చింది. పద్దెనిమిది వస్తువులా! బండి ఇంకా మొదటి సర్వీసుకైనా వెళ్ళలేదు కదరా. ఒకసారి హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళిరా. నడుం ఎంతసేపటికి పట్టేసింది, గాలి ఎక్కడ కొట్టింది, చేతికి ఏది అందక విసుగొచ్చింది అన్నీ తెలుస్తాయి. వచ్చాక సగం లిస్టు నువ్వే కొట్టేస్తావు. నల్లమల రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, అది చూసుకుని బయల్దేరు.

ఆ ప్రయాణానికి ముందే కొనాల్సినవి రెండే. ఒకటి క్రాష్ గార్డు. బండి 191 కిలోలు. అది పడేది హైవే మీద కాదు, టీ కొట్టు ముందు కంకరలో స్టాండు కూరుకుపోయి. కంపెనీదే వేయించు. చవకవి చిన్న దెబ్బకే వంగి కాలికి అడ్డొస్తాయి.

రెండోది పంక్చర్ కిట్టు, గాలి పంపు. నీవి అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు కాబట్టి చక్రం ఊడదీసే పని లేదు. మేకు పీకి, కన్నాన్ని శుభ్రంగా రాకి, జిగురు పూసిన స్ట్రిప్ లోపలికి దూర్చి, బయట మిగిలింది కోసెయ్యడమే. చదివితే తేలిక. ఆ స్ట్రిప్ దూర్చడానికి ఎంత బలం కావాలో మొదటిసారి చేసినప్పుడు గానీ తెలీదు. ఏ పంక్చర్ షాపులోనైనా పాత టైరు అడిగి, ఓసారి చేసి చూడు.

ఇక బ్యాగులు. ఇక్కడ నా బుద్ధితక్కువ పని చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్తూ, బ్యాగులు చక్రానికీ సైలెన్సర్‌కీ తగలకుండా ఆపే స్టే రాడ్లు దండగనుకుని శాడిల్ బ్యాగుల్ని సీటు మీదుగా అలాగే వేలాడదీశాను. ఘాట్ మలుపుల్లో కుడివైపుది కొంచెం కొంచెంగా జారి సైలెన్సర్‌కి ఆనింది. రెక్సిన్ కాలిన వాసన వస్తే ముందు లారీదేమో అనుకున్నా. దిగి చూస్తే బ్యాగు అడుగు కరిగిపోయి, మీ అత్తయ్య కొత్త చీర అంచు బయటికొచ్చి ఉంది. ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో మాఫీ కాలేదు. అందుకే ముందు స్టే రాడ్లు, తర్వాతే బ్యాగులు. బరువైనవన్నీ కింద, మధ్యకు దగ్గరగా సర్దు. వెనక టాప్ బాక్సులో బరువు నింపితే హ్యాండిల్ తేలికైపోయి బండి ఊగుతుంది. వానకి బ్యాగు కవరును నమ్మకు, బట్టలు ముందే ప్లాస్టిక్ కవర్లో చుట్టు. రాడ్లు బిగించేటప్పుడు మెకానిక్ చీర గార్డు తీసేస్తానంటాడు, ఒప్పుకోకు. వెనక కూర్చునేది చున్నీ వేసుకునే పిల్ల.

ఫోన్ హోల్డర్ కొంటే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్నదే కొను. బైకు ఇంజిన్ అదురుకి ఫోన్ కెమెరా పాడవ్వొచ్చని 2021లో యాపిల్ వాళ్ళే చెప్పారు. బండి ముందు పెట్టే గాలి అద్దం, అదే వైజర్ అంటావా, తొంభై స్పీడులో గంటసేపు పోయాక ఛాతీ మీద గాలి భారం అనిపిస్తే అప్పుడు చూద్దాం. ఎత్తు కుదరకపోతే ఆ గాలి నేరుగా హెల్మెట్‌కే కొట్టి తల అదిరిపోతుంది.

ఫాగ్ లైట్లు సరే. లంబసింగి మంచులో పనికొస్తాయి. కానీ అసలు వైరింగ్ కోసి అతికించే చోట వేయించకు, వారంటీ గొడవొస్తుంది. రిలే, ఫ్యూజు పెట్టి, పాత వైర్లు కట్ చేయకుండా కలిపే హార్నెస్ (వైర్ల సెట్టు) అడుగు. ఎదురుగా బండి వస్తుంటే ఆ లైట్లు ఆపెయ్.

పెట్రోల్ క్యాన్ ఎందుకురా? ట్యాంకు 15 లీటర్లు, మన దారుల్లో ఊరూరా బంకులున్నాయి. మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరమని బోర్డు ఉండేది. అటు వెళ్ళే రోజున కొందువు గాని. సౌండు సైలెన్సర్ గురించి మాత్రం నన్ను అడగకు, చలానా కట్టేటప్పుడు మీ నాన్నకి చెప్పుకో.

ఇందాక చెప్పిన గాలి పంపు మాత్రం కొనకు. నా దగ్గర కాలితో తొక్కేది ఒకటి ఊరికే పడి ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్ళు. వాషరు ఒకటి మార్పించాలి, అది నేను చూసుకుంటాను.

ఉంటాను,
మావయ్య