ట్రిగ్గర్ తేడా చేస్తే ముందు చెక్కను చూడండి

ప్రశ్న: నా దగ్గర పాత లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 రైఫిల్ ఉంది. ఇదివరకు ట్రిగ్గర్ రెండు దశల్లో కదిలేది. ఇప్పుడు మొదటి దశ అసలు తెలియడం లేదు. ఖాళీ రైఫిల్లో బోల్ట్ (గొట్టాన్ని వెనుక నుంచి మూసే కడ్డీ) గట్టిగా మూస్తే ఒక్కోసారి కాకింగ్ పీస్ (ఫైరింగ్ పిన్ వెనుక కొన) నిలవకుండా ముందుకు జారిపోతోంది. దాన్ని పట్టి ఆపే మీటను, అంటే సియర్‌ను కాస్త అరగదీస్తే సరిపోతుందని మిత్రుడొకరు అంటున్నారు. చేయమంటారా?

జవాబు: వద్దండీ, ఆకురాయి జోలికే వెళ్లకండి. ఇది తేలేదాకా ఆ రైఫిల్లో తూటా పెట్టకండి. సియర్ పట్టు తప్పిందంటే, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండానే పేలే ప్రమాదం ఉంది.

ఈ మోడల్లో ట్రిగ్గర్ వేలాడేది రైఫిల్ ప్రధాన లోహపు చట్రమైన రిసీవర్‌కు కాదు, దాని చుట్టూ ఉండే లోహపు వంపుకు, అంటే ట్రిగ్గర్ గార్డుకు. సియర్ ఏమో రిసీవర్‌కు ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని గొట్టం కింద, రిసీవర్‌కూ గార్డుకూ మధ్య ఉండే ఫోరెండ్ చెక్క ప్రభావితం చేస్తుంది. చెక్క ఏళ్ల తరబడి ఎండి కుంచించుకుపోతే, స్క్రూ బిగించినప్పుడు గార్డు ఉండాల్సిన దానికంటే పైకి వస్తుంది. ట్రిగ్గర్ పైనున్న రెండు మిట్టల్లో మొదటిది సియర్‌ను ముందే నొక్కేస్తుంది. అంటే మీరు లాగకముందే మొదటి దశ అయిపోయినట్టే. కాకింగ్ పీస్‌ను పట్టుకోడానికి సియర్‌కు అంచు మాత్రమే మిగులుతుంది. యుద్ధం తర్వాత వచ్చిన నంబర్ 4 మార్క్ 2లో ట్రిగ్గర్‌ను రిసీవర్‌కే తగిలించింది ఈ బాధ తప్పించడానికే.

తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే చోటును) కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తర్వాత గార్డుకు ముందు వైపున్న స్క్రూను కొద్దిగా వదులు చేసి ట్రిగ్గర్ లాగి చూడండి. మొదటి దశ తిరిగి వచ్చిందా? అయితే లోపం చాలావరకు చెక్కదే, సియర్‌ది కాదు. ఇది కనిపెట్టడానికి మాత్రమే సుమా, స్క్రూ వదులుగా ఉంచి కాల్చడానికి కాదు.

ఆ స్క్రూ చుట్టూ చెక్కలో ఒక చిన్న లోహపు గొట్టం ఉండాలి. కాలర్ అంటారు. స్క్రూ ఎంత బిగించినా గార్డు హద్దు దాటకుండా ఆపేది అదే. పాత రైఫిళ్లను విప్పి బిగించేవాళ్ల చేతుల్లో తరచూ పోయేదీ అదే. నాకు ముందుగా అనుమానం దాని మీదే.

స్క్రూ వదులు చేసినా మార్పు లేకపోతే సియర్ స్ప్రింగు, గడ్డకట్టిన పాత గ్రీజు చూడాలి. అవీ బాగుంటే అప్పుడు అరుగుదల సంగతి. సియర్ గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. దాన్ని అరగదీస్తే లోపలి మెత్తటి ఉక్కు బయటపడుతుంది. ఈరోజు నున్నగా నడుస్తుంది, త్వరలోనే అరిగి పట్టు వదిలేస్తుంది. అరిగితే మార్చడమే.

ట్రిగ్గర్ లాగడానికి పట్టాల్సిన సరైన బరువులు మొదటి దశకు 3 నుంచి 4 పౌన్లు, రెండో దశకు 5 నుంచి 6.5 పౌన్లు. సర్దే పని మాత్రం తుపాకులు బాగుచేసే, లైసెన్సున్న ఆర్మరర్‌దే. ఆయనకు బోల్ట్, సియర్ మాత్రమే ఇచ్చి రాకండి, చెక్కతో సహా రైఫిల్ మొత్తం అప్పగించండి.